నూడుల్స్ మానేయాలా, మార్చుకోవాలా? ఏ ప్యాకెట్ ఎవరికి సరిపోతుందో చూద్దాం

పోయిన నెల సూపర్‌మార్కెట్‌లో నూడుల్స్ ర్యాక్ ముందు ముగ్గురం మూడు ప్యాకెట్లు పట్టుకుని నిలబడిపోయాం. మా పాప చేతిలో కొరియన్ స్పైసీది, నా చేతిలో ఆటా నూడుల్స్, మా నాన్న చేతిలో మిల్లెట్ అని పెద్దక్షరాలతో రాసున్నది. నాన్నకి బీపీ, పాపకి ఎనిమిదేళ్లు, నేనేమో ఆఫీసు నుంచి ఏడున్నరకి వచ్చి పావుగంటలో ఏదో ఒకటి వండి పెట్టాల్సిన మనిషిని. ముగ్గురికీ కావాల్సింది వేరు వేరు, కానీ ముగ్గురం చూస్తున్నది మాత్రం కవర్ ముందువైపే. వెనక్కి తిప్పి చదవడం మొదలుపెట్టాక మూడింటినీ అక్కడే పెట్టేసి వేరేవి తెచ్చుకున్నాం. ఏం తెచ్చుకున్నాం, ఎందుకు తెచ్చుకున్నాం అనేదే ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే చాలామంది ఇళ్లల్లో ఇదే గొడవ నడుస్తోంది, ఒకళ్లు విషం అంటారు, ఇంకొకళ్లు మేం చిన్నప్పట్నుంచీ తింటున్నాం ఏమైంది అంటారు.

నా మాట ముందే చెప్పేస్తా. తినొచ్చు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు వారానికోసారి, గుడ్డో కూరగాయలో కలుపుకుని, మసాలా సగమే వేసుకుని తింటే దానికి పెద్దగా కంగారు పడక్కర్లేదు. అయితే ఏ ప్యాకెట్ కొన్నాం అనేదానికంటే ఆ మసాలా పొట్లం ఎంత వేశాం, గిన్నెలో ఇంకేం కలిపాం, దేని బదులు తింటున్నాం అనేవే ఎక్కువ తేడా తెస్తాయి. మైదా నుంచి ఆటాకి మారి మసాలా మొత్తం వేసుకునేవాళ్లకంటే మైదాదే కొని సగం మసాలాతో గుడ్డు వేసుకుని తినేవాళ్లు మెరుగ్గా ఉంటారని నా లెక్క.

## కొనేముందు ఏం చూడాలి

ఉప్పు. అన్నిటికంటే ముందు ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి రోజుకి 2000 మి.గ్రా. కంటే తక్కువ సోడియం చాలంటుంది, అంటే 5 గ్రాముల ఉప్పు, టీస్పూను కంటే కొంచెం తక్కువే. మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో కూడా ఉప్పు 5 గ్రాములు దాటొద్దనే ఉంది. ఇప్పుడు మామూలు 70 గ్రాముల నూడుల్స్ ప్యాకెట్ తీసుకోండి, బ్రాండ్‌ని బట్టి సోడియం సుమారు 600 నుంచి 1000 మి.గ్రా. దాకా ఉంటుంది. అంటే ఒక్క ప్యాకెట్‌తో రోజు కోటాలో మూడోవంతు నుంచి సగం అయిపోతుంది, ఇంకా మధ్యాహ్నం పప్పు, చారు, ఆవకాయ, అప్పడం అన్నీ ఉన్నాయి. మన తెలుగు కంచమే ఉప్పు ఎక్కువున్న కంచం, పచ్చడి లేనిదే ముద్ద దిగదు మనకి, దాని మీద ఇది అదనం. అందుకే నూడుల్స్ తిన్న రోజు పచ్చడి మానేయడం కూడా ఒక పద్ధతే.

ఇక్కడ లేబుల్ దగ్గర చిన్న తిరకాసు ఉంది, చాలామంది పడిపోతారు. టేబుల్‌లో ఒక కాలమ్ 100 గ్రాములకి ఉంటుంది, ఇంకోటి ఒక సర్వింగ్‌కి. ఉదాహరణకి 100 గ్రాములకి సోడియం 1200 అని ఉంటే 70 గ్రాముల ప్యాకెట్‌లో 840 ఉన్నట్టు, సోడియంని ఉప్పు లెక్కలోకి మార్చాలంటే దాన్ని రెండున్నరతో గుణించాలి, దాదాపు 2100 మి.గ్రా. ఉప్పు, అంటే రెండు గ్రాములు పైన. పెద్ద ఫ్యామిలీ ప్యాక్‌లో అయితే నాలుగు కేకులు, అంటే నూడుల్స్ బిళ్లలు, ఉంటాయి, మీ అబ్బాయి రెండు కేకులు వేసుకుంటే లెక్క కూడా రెండింతలే. సర్వింగ్‌కి ఎదురుగా ఒక శాతం కూడా వేస్తున్నారు, అది రోజుకి 2000 లెక్కన వేసిన శాతం, లెక్కలు రాకపోయినా ఆ ఒక్క అంకె చూస్తే చాలు.

నూనె. నూడుల్స్ రెండు నిమిషాల్లో ఎందుకు ఉడుకుతాయో ఎప్పుడైనా ఆలోచించారా? 1958లో జపాన్‌లో మొమొఫుకు ఆండో అనే ఆయన కనిపెట్టిన కిటుకు అది. పిండితో చేసిన దారాల్ని ఆవిరి మీద ఉడికించి, తర్వాత 140 నుంచి 160 డిగ్రీల వేడి నూనెలో ఒకటి రెండు నిమిషాలు వేయిస్తారు. లోపలి తేమ ఒక్కసారిగా బయటికి పోయి సన్న సన్న రంధ్రాలు పడతాయి, మళ్లీ మనం వేడి నీళ్లు పోసినప్పుడు ఆ రంధ్రాల్లోంచే నీళ్లు గబగబా లోపలికెళ్తాయి. సౌకర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో నూనె కూడా అక్కణ్ణుంచే వచ్చింది. అలా వేయించిన కేక్ బరువులో 15 నుంచి 20 శాతం దాకా నూనె ఉంటుంది, అంటే ప్యాకెట్‌కి పది గ్రాములు పైనే, మన లెక్కలో రెండు చెంచాలు. రెండు చెంచాల నూనె మనం ఉప్మాలోనూ వేస్తాం, నిజమే. కాకపోతే ఇక్కడ ఎక్కువగా వాడేది పామాయిల్, అందులో దాదాపు సగం సాచురేటెడ్ కొవ్వే, అంటే గుండెకి అంత మంచిది కాని రకం.



లోపల లేనివి. ప్యాకెట్ మొత్తం కలిపి దాదాపు 300 కేలరీలు, ప్రొటీన్ అయిదారు గ్రాములు, పీచు ఒకటి రెండు గ్రాములు. ఒక్క కోడిగుడ్డులోనే ఆరు గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. సాయంత్రం ఆరింటికి నూడుల్స్ తిని ఎనిమిదింటికి మళ్లీ ఆకలి అని పిల్లలు వంటింటి చుట్టూ తిరిగేది అందుకే. నూడుల్స్‌లో ఏముందో అని అందరం భయపడతాం గానీ ఏం లేదో అన్నది అంతకంటే ముఖ్యం.

ఇంగ్రీడియెంట్స్‌లో మొదటి పేరు. బరువులో ఏది ఎక్కువుంటే అది ముందు రాయాలి, రూలు అదే. కాబట్టి కవర్ ముందు ఏ పంట బొమ్మ వేసినా సరే, వెనక లిస్టులో మొదటి మాట మైదా అయితే అది మైదా నూడులే.

## భయపడక్కర్లేనివి కొన్ని

వీటి గురించి ఇంట్లో ఎక్కువ గొడవ, అసలు విషయమేమో పక్కకి పోతుంది, అందుకని త్వరగా చెప్పేస్తా.

మైనం పూత ఉంటుందన్నది ఒట్టి మాట. కేక్ అంటుకోకుండా ఉండేది నూనెలో వేగినందువల్లే, మైనం వల్ల కాదు.

ఎం.ఎస్.జి. అంటే అజినొమోటో, ఇది టమాటాల్లో సహజంగా ఉండే గ్లూటమేటే, మామూలుగా వాడే మోతాదులో అందరికీ హాని చేస్తుందని తేలలేదు. ఏడాది లోపు పిల్లలకి మాత్రం వద్దు, అసలు ఆ వయసు పిల్లలకి నూడుల్సే వద్దు. ఇక ఎం.ఎస్.జి. లేదని రాసున్న ప్యాకెట్‌లో ఉప్పు తక్కువని ఎవరూ అనుకోకండి, ఆ రెండూ వేరు.

2015 సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ జూన్‌లో సీసం ఎక్కువుందని, లేబుల్ మీద ఎం.ఎస్.జి. గురించి తప్పుగా రాశారని మన ఆహార భద్రత సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. మ్యాగీని ఆపేయించింది, ఆగస్టులో బాంబే హైకోర్టు ఆ ఆర్డర్‌ని కొట్టేసి మళ్లీ టెస్టులు చేయించమంది, టెస్టులు పాసయ్యాక నవంబర్‌లో తిరిగి షాపుల్లోకొచ్చింది. ఆ అయిదు నెలలూ ఊరంతా సీసం గురించే మాట్లాడుకుంది. సీసం పట్టించుకోవాల్సిన విషయమే, కాదనను, కానీ కోర్టుకెళ్లకుండానే అందరికీ కనపడేలా లేబుల్ మీద అచ్చేసి ఉన్న ఉప్పు గురించి అప్పుడూ ఎవరూ మాట్లాడలేదు, ఇప్పుడూ మాట్లాడట్లేదు, నా బాధ అదే.

## ఇక ఒక్కో రకం

మామూలు మైదా నూడుల్స్. చవక, ప్రతి కిరాణా కొట్లో దొరుకుతాయి, రుచి అలవాటైపోయింది. నూనెలో వేయించినవే, పీచు చాలా తక్కువ. అయినా వీటికో మంచి గుణముంది, మసాలా వేరే పొట్లంలో ఇస్తారు కాబట్టి ఎంత వేయాలో మన ఇష్టం. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది, కాదు.

ఆటా నూడుల్స్. పీచు కొంచెం పెరుగుతుంది, మూడు నాలుగు గ్రాముల దాకా, బావుంది. కానీ చాలావరకు ఇవీ నూనెలో వేయించినవే, మసాలా పొట్లం కూడా దాదాపు అంతే. పక్కపక్కన పెట్టి చూస్తే కేలరీలు, కొవ్వు, సోడియం అంకెల్లో పెద్ద తేడా కనపడదు. మైదా కంటే ఇదే నయం, రేటు దగ్గరదగ్గరే ఉంటే ఇదే తీసుకోండి, కానీ ఆటా కదా అని వారానికి నాలుగుసార్లు పెట్టేస్తే మొదటికే మోసం. నేను రెండేళ్లు అదే పని చేశా, ఆటా అన్న ఒక్క మాట చూసి పాప స్నాక్స్ బాక్సులో వారానికి మూడుసార్లు పెట్టా, ఒక్కసారి కూడా కవర్ తిప్పి చూడలేదు.

ఓట్స్, మిల్లెట్ నూడుల్స్. ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. రాగి, జొన్న, కొర్రల పిండిలో గ్లూటెన్ ఉండదు, గ్లూటెన్ లేకపోతే పిండి సాగదు, సాగకపోతే దారాలు తెగిపోతాయి. జొన్నరొట్టె చేసే ఇళ్లల్లో ఇది వేరే చెప్పక్కర్లేదు, చపాతీలా ఒత్తబోతే ఎలా విరిగిపోతుందో చూస్తూనే ఉంటాం. అందుకని చాలా కంపెనీలు గోధుమపిండో మైదానో ఎక్కువ కలిపి చిరుధాన్యం కొంచెమే వేస్తాయి. లిస్టులో బ్రాకెట్లో శాతం ఉంటుంది చూడండి, చిరుధాన్యం సగం పైన ఉండి, వేయించకుండా ఆరబెట్టినదైతే నిజంగా మంచిదే, రెండింతల రేటు పెట్టినా పర్లేదు. శాతం తక్కువుండి పామాయిల్ రెండో పేరుగా ఉంటే ఆ డబ్బుతో రాగిపిండి కొని జావ కాచుకోవడం నయం. మా నాన్న పట్టుకున్న ప్యాకెట్‌లో మొదటి పేరు గోధుమ పిండి, రెండోది పామాయిల్, మిల్లెట్ మూడో పేరు. ఆయన చదివి, “ఇది పేరుకే కొర్రలమ్మా” అని ర్యాక్‌లో పెట్టేశారు.

వేయించకుండా ఆరబెట్టినవి. వేడి గాలిలో ఆరబెడతారు కాబట్టి కొవ్వు అయిదు శాతం లోపే ఉంటుంది. రంధ్రాలు అంతగా పడవు కాబట్టి నాలుగైదు నిమిషాలు ఉడకాలి, కొంచెం జిగురుగా, గట్టిగా ఉంటాయి, పిల్లలు మొదటిసారి ముఖం చిట్లిస్తారు. బరువు తగ్గాలనుకునేవాళ్లకి, కొలెస్ట్రాల్ ఉన్నవాళ్లకి ప్యాకెట్ రకాల్లో ఇదే నా మొదటి ఓటు. కాకపోతే మసాలా సంగతి మారదు, కొన్నిట్లో నూనె పొట్లం విడిగా ఇస్తారు, అది వేస్తే తగ్గిన కొవ్వు మళ్లీ వచ్చి చేరుతుంది.

కప్ నూడుల్స్. రైల్లో, నైట్ షిఫ్ట్‌లో, ఎయిర్‌పోర్ట్‌లో తప్ప కొనకండి. చాలావాటిలో మసాలా ముందే కలిపేసి ఉంటుంది, సగం వేసుకునే అవకాశం పోయింది, గుడ్డు కలపడానికి చోటుండదు, నీళ్లు వంపేయడానికి కుదరదు. ఆరోగ్యంగా మార్చుకునే దారులన్నీ మూసేసిన రకం ఇది.

కొరియన్ స్పైసీ రకాలు. ఇప్పుడు హైస్కూలు పిల్లలందరికీ పిచ్చి. మన ప్యాకెట్ 70 గ్రాములైతే ఇవి 120 నుంచి 140 గ్రాములు, 500 కేలరీలు పైన, సోడియం వెయ్యి దాటి చాలావాటిలో 1500 దాకా, కొన్నిట్లో ఇంకా పైన. అంటే ఒక్క పూటకి రోజు ఉప్పు చాలామటుకు అయిపోయినట్టే. కారం సంగతి సరేసరి, 2024 జూన్‌లో డెన్మార్క్ ప్రభుత్వం కాప్సైసిన్, అంటే మిరపకి కారాన్నిచ్చే పదార్థం, ఎక్కువుందని సాంయాంగ్ కంపెనీ బుల్డక్ నూడుల్స్‌లో మూడు రకాల్ని వెనక్కి రప్పించి, మళ్లీ లెక్కేసి జూలైలో రెండిటిని అనుమతించింది. గుంటూరు కారం తినే మనకి కారం లెక్క కాదు అంటారు, కానీ ఎనిమిదేళ్ల పిల్ల పొట్టకి గుంటూరేంటి, కొరియా ఏంటి. తింటే ఇద్దరు పంచుకోండి, సాస్ సగం పిండండి, సూప్ రకమైతే సూప్ తాగకుండా వదిలేయండి, ఉప్పులో పెద్ద భాగం ఆ నీళ్లలోనే ఉంటుంది.

హక్కా నూడుల్స్, సేమియా. మేం ర్యాక్ నుంచి పక్కకెళ్లి తెచ్చుకున్నవి ఇవే. సాదా హక్కా నూడుల్స్ చాలామటుకు నూనెలో వేయించినవి కావు, మసాలా పొట్లం ఉండదు, ఉడకబెట్టి వార్చి క్యారెట్, క్యాబేజీ, గుడ్డుతో కలుపుకోవడమే. మైదావే అనుకోండి, అయినా ఉప్పు మన చేతిలో ఉంటుంది, సోయా సాస్ మాత్రం చూసి పోయండి, అది ద్రవరూపంలో ఉన్న ఉప్పే.

సేమియా గురించి మాత్రం కొంచెం గట్టిగా చెప్పాలి. అమ్మమ్మల కాలం నుంచి మన ఇళ్లల్లో ఉన్న దారాల వంట ఇదే కదా. వేయించిన సేమియా అంటే పొడిగా దోరగా వేపింది, నూనెలో కాదు. 70 గ్రాముల సేమియాకి కొవ్వు ఒక గ్రాము దగ్గర, ఉప్పు దాదాపు లేనట్టే, ప్రొటీన్ ఏడు గ్రాముల దాకా. బొంబాయి రవ్వతో చేసింది దొరికితే ఇంకా బావుంటుంది, కొన్ని మైదావి కూడా ఉంటాయి, అదీ వెనక చూడండి. ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు, కరివేపాకు, పచ్చిమిర్చి పోపు పెట్టి, బీన్స్, క్యారెట్, బఠాణీ వేసి, దించేముందు నిమ్మకాయ పిండితే మొత్తం పన్నెండు నిమిషాలు. రెండు నిమిషాల నూడుల్స్ అంటారు గానీ నీళ్లు మరిగి, ఉడికి, ప్లేట్లోకొచ్చేసరికి ఎనిమిది నిమిషాలు పడుతుంది, నేను ఫోన్లో టైమర్ పెట్టి చూశా. తేడా నాలుగు నిమిషాలు, అంతే.

అటుకులు కూడా ఈ వరసలోనే, కడిగి పోపేసుకోవడమే, పల్లీలు గుప్పెడు ఎక్కువెయ్యండి.

| రకం | నూనెలో వేగిందా | ఉప్పు మన చేతిలో ఉందా | నా సలహా |
|---|---|---|---|
| మైదా నూడుల్స్ | అవును | సగం మసాలా వేస్తే కొంత | వారానికోసారి |
| ఆటా నూడుల్స్ | ఎక్కువగా అవును | సగం మసాలా వేస్తే కొంత | మైదా బదులు సరే, వారానికోసారే |
| మిల్లెట్, ఓట్స్ | లేబుల్ చూడాలి | సగం మసాలా వేస్తే కొంత | శాతం సగం దాటితేనే కొనండి |
| ఆరబెట్టినవి | కాదు | సగం మసాలా వేస్తే కొంత | ప్యాకెట్ రకాల్లో మొదటి ఎంపిక |
| కప్ | ఎక్కువగా అవును | లేదు | ప్రయాణంలో మాత్రమే |
| కొరియన్ | ఎక్కువగా అవును | సాస్ తగ్గిస్తే కొంత | నెలకోసారి, ఇద్దరికి ఒకటి |
| హక్కా | చాలావరకు కాదు | ఉంది | కూరగాయలు సగం వేసి తినొచ్చు |
| సేమియా, అటుకులు | కాదు | పూర్తిగా | వారంలో రెండు మూడుసార్లు పర్లేదు |

వారానికోసారి అని ఎందుకంటున్నా అంటే, 2014లో దక్షిణ కొరియాలో 10,711 మంది పెద్దవాళ్ల వివరాలతో ఒక అధ్యయనం వచ్చింది. వారానికి రెండుసార్లు, అంతకంటే ఎక్కువ ఇన్‌స్టంట్ నూడుల్స్ తినే ఆడవాళ్లలో మెటబాలిక్ సిండ్రోమ్, అంటే నడుం చుట్టూ కొవ్వు, బీపీ, షుగర్, ట్రైగ్లిజరైడ్స్ లాంటివి కలిసి రావడం, 68 శాతం ఎక్కువ కనపడింది. మగవాళ్లలో అంత స్పష్టంగా లేదు. నూడుల్సే దానికి కారణమని ఇది రుజువు చేయలేదు, ఎక్కువ తినేవాళ్ల మిగతా అలవాట్లు కూడా వేరేగా ఉండొచ్చు. అయినా వారానికి రెండు అనే గీత దగ్గర ఇలాంటిది కనపడ్డాక నేను ఒక్కసారికే ఆగిపోతా, నా పాపకీ అదే పెట్టా.

## ఎవరికి ఏది

హాస్టల్ పిల్లలు, పీజీల్లో ఉండేవాళ్లు. మీ కష్టం నాకు తెలుసు, అమీర్‌పేటలో కోచింగ్‌కి వచ్చిన ఏడాది నా రాత్రి భోజనం సగం రోజులు కెటిల్ నూడుల్సే. మెస్‌లో కూర బాలేనప్పుడు చేతికందేది ఇదొక్కటే. మీకు సేమియా పోపు పెట్టుకోమని చెప్పలేను, స్టవ్ ఉండదు. అందుకని రెండే చేయండి, మసాలా సగం పొట్లం మడిచి పక్కన పెట్టండి, బయట బండి మీద ఉడికించిన గుడ్లు రెండు తెచ్చుకుని పక్కన తినండి. గుడ్లు తినకపోతే వేయించిన పల్లీలు గుప్పెడు, అరటిపండు ఒకటి. పదో పదిహేనో రూపాయలు ఎక్కువవుతుంది, కానీ అది స్నాక్ నుంచి భోజనం దగ్గరకొస్తుంది. రోజూ రాత్రి అదే అవుతోందంటే మాత్రం నూడుల్స్ బ్రాండ్ కాదు మార్చాల్సింది, మెస్ మార్చండి, లేదా చిన్న రైస్ కుక్కర్‌కి పర్మిషన్ అడగండి.

పిల్లలున్న అమ్మానాన్నలు. పిల్లలకి ఉప్పు కోటా పెద్దవాళ్లకంటే తక్కువ, తినే తిండిని బట్టి తగ్గించుకోవాలి, కాబట్టి ఆ చిన్న ప్యాకెట్ వాళ్లకి ఇంకా పెద్దది. పూర్తిగా వద్దంటే ఫ్రెండ్ ఇంట్లో తింటారు, దాచుకుని తింటారు, నేను చూశా. మా ఇంట్లో ఒప్పందం ఏంటంటే ఆదివారం సాయంత్రం నూడుల్స్, ఒక కేక్‌ని నేనూ తనూ పంచుకుంటాం, మిగతా గిన్నె నిండా స్వీట్ కార్న్, క్యారెట్ తురుము, గుడ్డు. పాపే గుడ్డు కొట్టి వేస్తుంది, తను వేసింది కాబట్టి తింటుంది. స్కూలు బాక్సులో మాత్రం పెట్టను, చల్లారితే ముద్దైపోతాయి, దానికంటే సేమియా ఉప్మా పొడిపొడిగా ఉంటుంది.

బీపీ, కిడ్నీ, షుగర్ ఉన్నవాళ్లు. బీపీ ఉంటే ప్యాకెట్ మసాలా అసలొద్దు. కేక్‌ని విడిగా ఉడికించి నీళ్లు వార్చేసి, మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి, నిమ్మరసంతో మన పోపు వేసుకోండి, మా నాన్నకి ఇప్పుడు ఇలాగే చేస్తున్నాం, హక్కా రకంతో. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి ఉప్పుతోపాటు ఇంకొకటి, నూడుల్స్‌లో ఫాస్ఫేట్లు కూడా కలుపుతారు, అవి మీకు మంచివి కాదు, డాక్టర్‌ని అడక్కుండా ముట్టకండి. షుగర్ ఉన్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, సేమియా, అటుకులు ఉప్పు, నూనె విషయంలో గెలిచాయి గానీ షుగర్ విషయంలో అవీ పిండిపదార్థమే. పరిమాణం సగం, కూరగాయలు సగం, పక్కన గుడ్డో పెసరపప్పో ఉండాలి.

బరువు తగ్గాలనుకునేవాళ్లు. 300 కేలరీలే కదా అని రాత్రి భోజనం మానేసి నూడుల్స్ తినడం చాలామంది చేసే పని. కేలరీ లెక్క సరిపోతుంది, ఆకలి లెక్క సరిపోదు, పదింటికి ఫ్రిజ్ తెరుస్తారు. ఆరబెట్టిన రకం, రెండు గుడ్లు, గుప్పెడు పాలకూర వేసుకుంటే అదే 400 దగ్గర ఆగుతుంది, పొద్దున్నదాకా ఆకలి గుర్తురాదు.

అమెరికా, యూకేల్లో చదువుకుంటున్న మన పిల్లలు. అక్కడ దొరికే చవక రామెన్ 85 గ్రాముల ప్యాకెట్‌లో సోడియం 1500 దాటేవి ఉన్నాయి, మన దగ్గరవాటికి దాదాపు రెండింతలు. కొన్నిటి మీద సర్వింగ్ అంటే సగం బ్లాక్ అని లెక్కేసి రాస్తారు, అది చూసి మోసపోకండి. ఫ్రోజెన్ బఠాణీ, బీన్స్ కలిపిన బ్యాగ్ ఒకటి, డజను గుడ్లు ఫ్రిజ్‌లో ఉంటే చాలు. ఇండియన్ స్టోర్‌కి వెళ్లినప్పుడు సేమియా, అటుకులు రెండేసి ప్యాకెట్లు తెచ్చి పడేయండి, పాడవ్వవు, పరీక్షల టైంలో అక్కరకొస్తాయి.

## వండేటప్పుడు

ఒక శనివారం కూర్చుని చూద్దామని కిచెన్ వేయింగ్ మెషిన్ మీద మసాలా పొట్లం పెట్టా, ఆరు గ్రాములు పైన చూపించింది. వేరే గిన్నెలో ఒట్టి కేక్‌నే, మసాలా లేకుండా, ఉడికించి నీళ్లు వార్చి పక్కన పెట్టా. పైన పసుపచ్చ నూనె చుక్కలు తేలాయి, చల్లారాక గిన్నె అంచుకి జిడ్డుగా పట్టుకుంది, వేలు ముంచి నాకితే ఉప్పగా ఉంది. అంటే పిండి కలిపేటప్పుడే ఉప్పు వేస్తారన్నమాట, మసాలా మొత్తం మానేసినా సోడియం సున్నా కాదు. కానీ ఆ నీళ్లు పారబోసి మళ్లీ వేడినీళ్లు పోసుకుంటే కొంత నూనె, కొంత ఉప్పు వెళ్లిపోయినట్టే కదా, రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

సగం మసాలాతో చప్పగా ఉంటుందని మొదటిసారి అనిపిస్తుంది, మాకూ అనిపించింది. అక్కడే మన పోపు పనికొస్తుంది. చెంచా నూనెలో వెల్లుల్లి రెండు రెబ్బలు, కరివేపాకు, సన్నగా తరిగిన టమాటా మగ్గించి, చిటికెడు మిరియాల పొడి వేసి అందులోకి నూడుల్స్ కలిపితే టమాటాలో ఉన్న గ్లూటమేట్, పులుపు కలిసి ఆ లోటు తెలియనివ్వవు. దించాక నిమ్మకాయ పిండండి, ఉప్పు తక్కువైన సంగతి నాలుకకి అందదు. మూడు వారాలయ్యాక పూర్తి మసాలా వేసి చేస్తే మా పాపే ఇంత ఉప్పేంటమ్మా అంది.

కూరగాయలు నాలుగు ముక్కలు అలంకారానికి వేయకండి. గిన్నెలో చూస్తే నూడుల్స్, కూరగాయలు సమానంగా కనపడాలి. క్యాబేజీ సన్నగా పొడుగ్గా తరిగితే నూడుల్స్‌లో కలిసిపోతుంది, పిల్లలు ఏరి పక్కన పెట్టలేరు. మునగాకు దొరికితే గుప్పెడు చివర్లో వేసి మూత పెట్టండి.

మిగిలిన సగం పొట్లాలు పారేయక్కర్లేదు. చిన్న గాజు సీసాలో వేసి మూత బిగించి పెడుతున్నా, గుడ్డు పొరటు చేసేటప్పుడో బంగాళాదుంప వేపుడులోనో అర చెంచా వేస్తా, ఆ పూట ఆ కూరలో ఉప్పు డబ్బా ముట్టుకోను.